మూడు పక్షులు, రెండు ట్రిప్పులు, పదకొండు తెల్లవారుజాములు

2024 జనవరి చివర్లో హనుమకొండ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు, వయసు అరవై రెండు. ఆమె చూడాలనుకున్న పక్షులు మూడే: హిమాలయన్ మోనాల్, చీర్ ఫెజంట్, సటైర్ ట్రాగోపాన్. మూడూ ఫెజంట్లే, అంటే కోడి, నెమలి కుటుంబానికి చెందిన పక్షులు. కాలేజీలో జువాలజీ డిపార్ట్‌మెంట్ బీరువా పక్కన ఫెజంట్ జాతుల చార్టు ఒకటి ఉండేదట. క్లాసుకి వెళ్లేటప్పుడల్లా దాన్ని చూస్తూ వెళ్లేవారట. "సర్వీసంతా బొమ్మలో చూశాను బాబూ, ఇప్పుడు మోకాళ్లు మొరాయించకముందే ఒకసారి ప్రాణంతో చూడాలి" అన్నారు. భర్త బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయనకి పక్షుల గురించి ఏమీ తెలియదు, కానీ ఆమె ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తారు.

నేను హైదరాబాద్‌లో ఉంటూ పన్నెండేళ్లుగా బర్డింగ్ ట్రిప్పులు ప్లాన్ చేస్తున్నాను. ప్రతి ట్రిప్పుకీ నోట్సు రాసుకుంటాను. సంక్రాంతి దాటగానే అందరూ "వసంతంలో ఏ ప్యాకేజీ మంచిది?" అని ఒకే ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఈ కేసులో పూర్తిగా ఉంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఆమె చేతిలో ఉన్న ప్యాకేజీ

మేడమ్ అప్పటికే ఒక బ్రోచర్ తెప్పించుకున్నారు. ఏప్రిల్ 24 నుంచి మే 5 వరకు పన్నెండు రోజులు, ఉత్తరాఖండ్. సాతాల్, పంగోట్, కార్బెట్, చోప్తా. "250కి పైగా పక్షులు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. వెనక పేజీలోని లిస్టులో ఆమెకి కావాల్సిన మూడు పేర్లూ ఉన్నాయి. మనిషికి 58 వేలు, విమానం ఖర్చు వేరు. అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క మాట అడుగుదామని నాకు ఫోన్ చేశారు.

బ్రోచర్ వాట్సాప్‌లో పంపమన్నాను. లిస్టు పక్కన పెట్టి పెన్సిల్‌తో తెల్లవారుజాములు లెక్కపెట్టాను. ఫెజంట్లు పొద్దు పొడవక ముందు కూస్తాయి, వెలుగు వచ్చాక గంటో గంటన్నరో బయట మేస్తాయి, తర్వాత పొదల్లోకి వెళ్లిపోతాయి. సాయంత్రం ఇంకాస్త అవకాశం ఉంటుంది. కాబట్టి ఒక పక్షి కోసం ఎన్ని రోజులు వెళ్తున్నామన్నది లెక్క కాదు. ఆ పక్షి ఉండే చోట పక్కన ఎన్ని రాత్రులు పడుకుని, ఎన్ని ఉదయాలు చీకటితో లేస్తున్నామన్నదే లెక్క. ఆ బ్రోచర్‌లో పంగోట్‌లో ఒక రాత్రి, చోప్తాలో ఒక రాత్రి ఉన్నాయి. అంటే చీర్‌కి ఒక ఉదయం, మోనాల్‌కి ఒక ఉదయం. ట్రాగోపాన్‌కి సున్నా. ఆ పక్షి ఉత్తరాఖండ్‌లో ఎత్తైన అడవుల్లో ఉన్న మాట నిజమే, అందుకే లిస్టులో చేర్చారు. కానీ వాళ్ల రూటులో దాన్ని వెతకడానికి ఒక్క చోటు కూడా పెట్టలేదు. కార్బెట్‌లో మాత్రం మూడు రాత్రులున్నాయి, పులి కోసం.

ఆ కంపెనీ మోసం చేస్తోందని నేను అనను. మొదటిసారి హిమాలయాలకు వెళ్లి రకరకాల పిట్టలు చూద్దామనుకునే వాళ్లకి అది మంచి ట్రిప్పే. మేడమ్‌కి కావాల్సింది మాత్రం అందులో లేదు.

సార్ మధ్యలో ఫోన్ తీసుకుని, "ఇంత దూరం ఎందుకు, మన కలివి కోడిని చూపించలేరా?" అని అడిగారు. ఈ మాట నన్ను చాలామంది అడుగుతారు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికిన పక్షి అది. రాత్రిపూట తిరుగుతుంది, దానికి మిగిలింది కాస్తంత ముళ్లపొదల అడవి. ఆ పొదల్లోకి మనుషుల్ని తీసుకెళ్లి డబ్బు తీసుకునే పని నేను చేయను. సార్‌కి అదే చెప్పాను.

ఒక ట్రిప్పు చాలదు

మ్యాప్ తీసి చూస్తే చీర్, మోనాల్ ఉత్తరాఖండ్‌లో ఒక దారిలో కలుస్తాయి. సటైర్ ట్రాగోపాన్‌ని నమ్మకంగా వెతకగలిగేది డార్జిలింగ్ పైన సింగలీలా కొండల్లో. ఈ రెంటికీ మధ్య నేపాల్ దేశం మొత్తం ఉంది. దూరం కంటే పెద్ద చిక్కు కాలం. వసంతం అని మనం ఒకే మాట అంటాం గానీ ఒక్కో పక్షికి అందులో ఒక్కో భాగం కుదురుతుంది.

చీర్ ఉండేది నిటారు కొండవాలుల్లో, రాళ్లూ గడ్డీ కలిసిన చోట. చలికాలంలో ఊరివాళ్లు పశువుల కోసం గడ్డి కోసేస్తారు, మిగిలింది ఎండిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ పొట్టి గడ్డిలో పక్షి కనపడుతుంది, జత కట్టే కాలం కాబట్టి కూస్తుంది కూడా. ఏప్రిల్ చివరికి ఎండలు ముదిరితే అడవుల్లో మంటలు, పొగ. మోనాల్ చలికాలమంతా కిందికి దిగి ఉంటుంది, మంచు కరిగేకొద్దీ పైకి ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి దాన్ని రోడ్డు దగ్గరే చూడాలంటే ఏప్రిల్ మొదట్లోనే వెళ్లాలి. ట్రాగోపాన్ సంగతి వేరు. రోడోడెండ్రాన్, ఓక్ చెట్ల కింద దట్టంగా పెరిగిన సన్న వెదురులో ఉండే పక్షి అది. కూయకపోతే పది అడుగుల దూరంలో ఉన్నా తెలియదు. అది గట్టిగా కూసేది ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా.

ఈ కాలాల్ని సరిచూసుకోవడానికి ఈబర్డ్‌లో, అంటే పక్షులు చూసినవాళ్లు తమ లిస్టులు ఎక్కించే వెబ్‌సైట్‌లో, జిల్లా వారీగా బార్ చార్ట్ తీస్తాను. నెలకి నాలుగు గడులుంటాయి. ఏ వారంలో గీత మందంగా ఉంటే ఆ వారం పక్షి ఎక్కువగా నమోదైనట్టు. కాకపోతే గీత సన్నగా ఉందని ఆ వారం పక్షి లేదనుకోకూడదు. చెక్‌లిస్టులు తెరిచి ఎన్ని గంటలకు మొదలుపెట్టారో చూడాలి. టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరిన వాళ్ల లిస్టులో చీర్ ఎలా ఉంటుంది? ఉదయం ఐదున్నరకు మొదలైన లిస్టుల్నే విడిగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక మన పంచాంగం, ఎన్నికలు. ఆ సంవత్సరం ఉగాది ఏప్రిల్ 9. పండక్కి పిల్లలొస్తారు, ఇంట్లో ఉండాల్సిందే అన్నారు మేడమ్. లోక్‌సభ ఎన్నికలు కూడా అప్పుడే. ఉత్తరాఖండ్‌లో పోలింగ్ ఏప్రిల్ 19న, డార్జిలింగ్‌లో 26న, మన దగ్గర మే 13న. పోలింగ్‌కి ముందు వారం కొండల్లో టాక్సీలు ఎలక్షన్ డ్యూటీకి వెళ్లిపోతాయి, దొరికిన బండికి రేటు పెరుగుతుంది. పైగా మే 10న అక్షయ తృతీయ, చార్‌ధామ్ యాత్ర మొదలు. ఆ తర్వాత చోప్తా వైపు గది దొరకడం కష్టం, దొరికినా తెల్లవారుజామున కూడా రోడ్డు మీద హారన్లే. ఇవన్నీ కాగితం మీద వేసుకుంటే రెండు సందులు మిగిలాయి. మార్చి 28 నుంచి ఏప్రిల్ 6 వరకు ఉత్తరాఖండ్. ఏప్రిల్ 28 నుంచి మే 5 వరకు సింగలీలా. వచ్చాక ఓటు.

అంతా లెక్కేస్తే పంగోట్‌లో మూడు ఉదయాలు, చోప్తాలో మూడు, సింగలీలాలో ఐదు వచ్చాయి. మొత్తం పదకొండు. బ్రోచర్ ఇచ్చింది రెండు.

గైడ్ ఎలా కుదిరాడు

పంగోట్ వైపు ముగ్గురితో మాట్లాడాను. మొదటాయన "చీర్ గ్యారంటీ సార్, వంద శాతం" అన్నాడు. అడవి పక్షికి గ్యారంటీ ఇచ్చాడంటే గింజలు చల్లి అలవాటు చేసి ఉండాలి, లేదా వట్టి మాటైనా కావాలి. రెండో మనిషి తన స్పీకర్ గురించి గొప్పగా చెప్పాడు. అందులో రికార్డు చేసిన కూత వినిపిస్తే పక్షి బయటికి వస్తుందట. వస్తుంది. తన చోటులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని, మేత వదిలి, జతని వదిలి, దెబ్బలాటకి వస్తుంది. గూడు కట్టే కాలంలో రోజూ ఇద్దరు ముగ్గురు గైడ్లు ఆ పని చేస్తే దాని గతేమిటి? ఈ మూడు పక్షులూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ ఒకటిలో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నవి. నేను కుదుర్చుకునే ప్రతి గైడ్‌తోనూ స్పీకర్ వాడకూడదని ముందే మెసేజ్‌లో రాయించుకుంటాను.

మూడో అతను ఆ ఊరివాడే. చీర్ గురించి అడిగితే, పోయిన వసంతంలో నాలుగు గ్రూపుల్ని తీసుకెళ్తే ఒక గ్రూపుకి కనపడలేదని చెప్పాడు. ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు, ఏ వాలు మీద అన్నది డైరీ చూసి చెప్పాడు. తర్వాత తనే నన్ను అడిగాడు: మేడమ్ ఎంతదూరం నడవగలరు? చెవులు బాగా వినిపిస్తాయా? టెలిస్కోప్‌లో ఒక కన్నుతో చూడటం అలవాటుందా? ఈ మూడు ప్రశ్నలు విన్నాక నేను ఇంకెవరికీ ఫోన్ చేయలేదు. వయసు పెరిగేకొద్దీ సన్నని కూతలు చెవికి అందవు. ఆ సంగతి తెలిసినవాడు మనిషి పక్కన ఎలా నిలబడాలో తెలిసినవాడు.

సింగలీలాకి మానేభంజాంగ్ నుంచి ఒక నేపాలీ కుర్రాడు కుదిరాడు. అతను నాతో కలిసి ఇంతకుముందు పనిచేశాడు, కాబట్టి అక్కడ వెతకాల్సిన పని పడలేదు.

పంగోట్

ఢిల్లీ నుంచి రాత్రి రైల్లో కాఠ్‌గోదాం చేరి మార్చి 29 పొద్దున పంగోట్ ఎక్కాం. నైనితాల్ దాటాక పదిహేను కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకి వెళ్తే వినాయక్ అనే చోట రోడ్డు ఒక లోయ అంచున వెళ్తుంది. చీర్ వాలు అదే.

మొదటి ఉదయం వాన. పక్షి కాదు కదా లోయే కనపడలేదు. రెండో ఉదయం ఐదున్నరకి కూత వినపడింది, ఒకచోట మొదలై ఎదురు వాలు నుంచి ఇంకొకటి అందుకుంది. "చిరపిర్, చిరపిర్" అని వేగం పెరుగుతూ పోయే కూత. పేరు అందుకే వచ్చింది. గంటన్నర వెతికాం, కనపడలేదు. మేడమ్ ఏమీ అనలేదు గానీ తిరిగొచ్చేటప్పుడు జీపులో మాట్లాడలేదు. ఒక ఉదయం ఉన్న ప్యాకేజీలో వెళ్లి ఉంటే ఆమె చీర్ కథ వానతోనే ముగిసేది. ఆ ఆలోచన నాకు ధైర్యం ఇవ్వలేదు, టెన్షన్ పెంచింది. మిగిలింది ఒక్క ఉదయం.

మూడో రోజు, ఏప్రిల్ ఒకటి. గైడ్, నేను బైనాక్యులర్స్‌తో వాలంతా గాలిస్తున్నాం. మేడమ్ స్కోప్ దగ్గర ఉన్నారు. సార్ రోడ్డు పక్కన పిట్టగోడ మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు. ఆరూ ఇరవైకి, "ఆ రాయి కదిలింది" అన్నారు. మేం చూస్తున్న చోటుకి చాలా కిందుగా, ఎండిన గడ్డి మధ్య బూడిదరంగు బండ మీద ఇంకో బూడిదరంగు ముక్క. గైడ్ స్కోప్ అటు తిప్పాడు. మగపక్షి. వెనక్కి వాలిన సన్న జుట్టు, కంటి చుట్టూ ఎర్రటి చర్మం, ఒంటికి సమానంగా పొడవైన చారల తోక. పక్కనే ఆడపక్షి గడ్డి దుబ్బుల్ని కెలుకుతోంది. చీర్ రంగుల పక్షి కాదు. ఎండుగడ్డిలో కలిసిపోవడానికే పుట్టినట్టుంటుంది. ఆరు నిమిషాలు ఉన్నాయి. మేడమ్ ఒక కన్ను మూసుకుని ఆరు నిమిషాలూ స్కోప్ వదల్లేదు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ, "చార్టులో తోక తప్పు వేశాడు" అన్నారు.

పిట్టలు తెలియని మనిషి ముందు చూడటం నాకు ఆశ్చర్యం కాదు. మేం పక్షి ఎక్కడ ఉండాలో అక్కడ వెతుకుతున్నాం. ఆయన ఊరికే చూస్తున్నారు, కదలకుండా.

చోప్తా

కౌసానిలో ఒక రాత్రి ఆగి, గోపేశ్వర్, మండల్ మీదుగా ఏప్రిల్ 2 సాయంత్రానికి చోప్తా. రోడ్డు పొడవునా బురాన్ష్ పూసి ఉంది. రోడోడెండ్రాన్‌ని అక్కడ అలా అంటారు. బోటనీ మేడమ్ జీపు ఆపించని మలుపు లేదు.

మోనాల్ కోసం పెద్దగా కష్టపడలేదు. తుంగనాథ్ దాదాపు 3,680 మీటర్ల ఎత్తు, నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. ఆ ఎక్కుడు మేడమ్‌కి వద్దని ముందే అనుకున్నాం. మంచు ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి అవసరం కూడా పడలేదు. మొదటి ఉదయం అరగంటలోనే పచ్చిక అంచున మగ మోనాల్. మంచు అప్పుడే కరిగిన మెత్తటి మట్టిని ముక్కుతో తవ్వుకుంటోంది, గునపంతో తవ్వినట్టు. ఎండ పడ్డప్పుడు మెడ మీద రాగిరంగు, వీపు మీద ఆకుపచ్చ, నీలం ఒకదాంట్లోంచి ఒకటి మారుతున్నాయి. నెత్తిన నెమలికి ఉన్నట్టే తురాయి. మూడు ఉదయాల్లో తొమ్మిది పక్షుల్ని చూశాం.

ఇక్కడ నా లెక్క తప్పిందని ఒప్పుకోవాలి. ఏప్రిల్ మొదట్లో చోప్తాలో మోనాల్‌కి రెండు ఉదయాలు చాలు. ఆ మూడోది పంగోట్‌లో పెట్టి ఉంటే చీర్ కోసం చివరి రోజు అంత గుబులు పడేవాళ్లం కాదు. మూడో ఉదయం కోక్లాస్ ఫెజంట్ కనపడింది, అది లాభమే. కానీ ఆమె అడిగింది కోక్లాస్ కాదు.

ఉగాది అయ్యాక ఒక వార్త చూసి మేడమే ఫోన్ చేశారు. ఏప్రిల్ 26, 27 తేదీల్లో నైనితాల్ చుట్టూ అడవులు అంటుకుని, వైమానిక దళం హెలికాప్టర్ భీమ్‌తాల్ చెరువు నీళ్లు మోసుకెళ్లి చల్లింది. బ్రోచర్ ట్రిప్పులో సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లు అటు వెళ్లి ఉండేవాళ్లు. మంటల్ని నేను ముందుగా ఊహించానని చెప్పుకోను, కానీ ఏప్రిల్ చివరి వారం అక్కడికి వద్దనడానికి కారణం అదే.

సింగలీలా

బాగ్‌డోగ్రాలో దిగి, మిరిక్ మీదుగా మానేభంజాంగ్. అక్కడి నుంచి సింగలీలా నేషనల్ పార్కులోకి గైడ్ లేకుండా పంపరు. దారి నేపాల్ సరిహద్దు వెంబడే వెళ్తుంది, సశస్త్ర సీమా బల్ చెక్‌పోస్టుల్లో గుర్తింపు కార్డులు చూపిస్తూ పోవాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా పార్కు మూసేస్తారు. మేం బస చేసింది గరిబాస్‌లో. ట్రాగోపాన్ ఉండే వెదురు అడవి అక్కడి నుంచి కైయాకాటా వైపు ఎక్కే దారిలో ఉంది, గది నుంచి నడిచి వెళ్లొచ్చు. వసతి మామూలుగా ఉంటుంది. వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు, కరెంటు వచ్చినప్పుడు వస్తుంది.

దేశానికి తూర్పు వైపు కాబట్టి అక్కడ ఐదింటికల్లా పొద్దు పొడుస్తుంది. నాలుగింటికి బయట ఉండాలి. ఏప్రిల్ 30న చీకట్లోనే మొదటి కూత విన్నాం. పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినట్టుంటుంది. చిన్నగా మొదలై, ఒక్కో ఏడుపూ ముందుదానికంటే గట్టిగా, పొడుగ్గా. మొదటిసారి విన్నవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ రోజు మూడు వైపుల నుంచి కూశాయి, ఒక్కటీ కనపడలేదు. మర్నాడూ అంతే.

అప్పుడు నేను చేసిన పొరపాటు. మే 1 రాత్రి సందక్‌ఫూలో పెట్టాను. 3,636 మీటర్లు, బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు, అక్కడి నుంచి కాంచన్‌జంగ కనపడుతుంది. ఇంతదూరం వచ్చి అది చూడకుండా ఎలా వెళ్తారని నాకే అనిపించింది. వాళ్లెవరూ అడగలేదు. గరిబాస్ నుంచి ఒక్కసారి వెయ్యి మీటర్లు ఎక్కేసరికి సార్‌కి రాత్రంతా తలనొప్పి, వాంతి. తెల్లారేసరికి కొండ మొత్తం మేఘంలో ఉంది. పర్వతం లేదు, పక్షి లేదు. పొద్దున్నే జీపులో కిందికి తీసుకొచ్చాక మధ్యాహ్నానికి ఆయన తేరుకున్నారు. ఐదు ఉదయాల్లో ఒకటి అలా పోయింది. వెతకడానికి వచ్చిన పక్షితో సంబంధం లేని చోట రాత్రి పెట్టడం బ్రోచర్‌లో కార్బెట్‌ని చూసి నేను తప్పు పట్టిన పనే.

మే 3న ఇంకో గ్రూపు దారిలో ఎదురైంది, వాళ్ల స్పీకర్ మోగుతూనే ఉంది. ఆ వంకలో ఆ రోజు అసలు పక్షులు నోరు విప్పలేదు. మా కుర్రాడు ఏమీ అనకుండా మమ్మల్ని ఇంకో మలుపు అవతలికి తీసుకెళ్లాడు. అక్కడ దూరంగా ఒకటి కూసింది.

ఆఖరి ఉదయం, మే 4. రాత్రి వాన పడి ఆగింది. వెదురాకుల నుంచి నీళ్లు కారుతున్నాయి. తడిసిన అడవిలో నుంచి పక్షులు దారి మీదకి వస్తాయని కుర్రాడు ఒక వంపు దగ్గర మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ షీటు వేసుకుని యాభై నిమిషాలు కూర్చున్నాం. ఐదూ పదికి అతను "దిదీ" అని గుసగుసగా అని, గడ్డంతో చూపించాడు. దారికి ఎడమ పక్క వెదురు కదిలింది. ముందు నల్లటి తల బయటికొచ్చింది. తర్వాత ఒక కాలు, అది గాలిలోనే ఆగింది. ఆ తర్వాత పక్షి మొత్తం. గాఢమైన ఎరుపు ఒంటి నిండా తెల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నల్ల అంచు, ముగ్గు పెట్టే ముందు పెట్టిన చుక్కల్లా ఒద్దికగా ఉన్నాయి. దారి మధ్యలో ఆగి మా వైపు చూసింది. మెడ కింద నీలం చర్మం కాస్త కనపడింది. నాలుగడుగులు వేసి కుడి పక్క వెదురులోకి దూరింది. మహా అయితే పదిహేను సెకన్లు. మేడమ్ బైనాక్యులర్స్ ఎత్తనేలేదు. అంత దగ్గర, అవసరం పడలేదు.

ఖర్చు, ఆమె లిస్టు

నా ఫీజు, విమాన టికెట్లు కాకుండా రెండు ట్రిప్పులకీ కలిపి ఇద్దరికీ లక్షా నలభై ఆరు వేలు అయింది. బ్రోచర్ ప్రకారం అయితే లక్షా పదహారు వేలు. పైన పడిన ముప్పై వేలలో ఎక్కువ భాగం రెండోసారి ప్రయాణానికే. రెండో విమానం ఖర్చు కూడా ఉంది, అది చిన్నది కాదు. డబ్బు సరిపోకపోతే ఏం చేసేవాణ్ణని నన్ను నేను అడిగి చూసుకున్నాను. మోనాల్ వదిలేసి రోజులు కలుపుకోమనేవాణ్ణి కాదు. ఈ వసంతం చీర్, మోనాల్, వచ్చే వసంతం ట్రాగోపాన్ అని చెప్పేవాణ్ణి.

తిరిగొచ్చాక ఆమె చేత ఈబర్డ్ అకౌంట్ తెరిపించాను. మే 4 ఉదయం లిస్టు ఆమే టైప్ చేశారు. నాలుగూ ఐదు నిమిషాలకు మొదలు, సటైర్ ట్రాగోపాన్ ఐదు. వివరాల గడిలో ఇంగ్లిష్‌లో రాయాలా అని అడిగారు, తెలుగులోనైనా రాయొచ్చన్నాను. "ఒక మగపక్షి, దారి దాటింది. నాలుగు వినిపించాయి. స్పీకర్ వాడలేదు. వాన వెలిసింది" అని రాసి, సబ్మిట్ నొక్కే ముందు సార్‌ని పిలిచి చదివి వినిపించారు.